ముంగురు ఒక్కటి చాలు: డిజ్రేలీ బొమ్మల్లో మనిషెవరు, వేషమేది

పోటీ పరీక్షలకు ఆధునిక భారతదేశ చరిత్ర చదివినవాళ్లకు ఒక నలుపు తెలుపు బొమ్మ ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. తూర్పుదేశపు బేరగాడి వేషంలో ఒక మనిషి, అతని చేతిలో ధగధగలాడే కిరీటం, ఎదురుగా విక్టోరియా రాణి. కింద ఎవరో చేర్చిన ముక్క: 1876, రాణికి భారత చక్రవర్తిని బిరుదు. దీన్ని చూసి ప్రధానమంత్రి రాణిని సత్కరిస్తున్నాడని అనుకునేవాళ్లు ఉన్నారు. గీసిన పత్రిక ఉద్దేశం దానికి పూర్తిగా ఎదురు. అది పచ్చి వెక్కిరింత. పైగా ఆ వెక్కిరింతలో ఒక తప్పు కూడా ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఆ బేరగాడు బెంజమిన్ డిజ్రేలీ, అప్పటి బ్రిటిష్ ప్రధాని. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో ఆయన ముఖం అచ్చయినంతగా అచ్చయిన ముఖాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తైలవర్ణ చిత్రాలు, ఫొటోలు, విగ్రహాలు, వందల కొద్దీ కార్టూన్లు. వీటిని పక్కపక్కన పెడితే ఒకే మనిషేనా అనిపిస్తుంది. ఒకదాంట్లో గంభీరుడు, ఇంకోదాంట్లో మాయగాడు, మరోదాంట్లో అద్దం ముందు ముస్తాబవుతున్న దేవదూత. వీటిలో ఏది నిజం అని అడగడం సహజమే గానీ, ఆ ప్రశ్న మనల్ని ఎక్కువ దూరం తీసుకెళ్లదు. ఏ బొమ్మ ఎవరి డబ్బుతో, ఎవరి కోసం, ఏ వారం తయారైందో తెలిస్తే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

ముందు ఆ మనిషి గురించి నాలుగు ముక్కలు

డిజ్రేలీ 1804 డిసెంబర్ 21న లండన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి ఐజాక్ పుస్తకాల మనిషి. ఆయనకు తమ ప్రార్థనా మందిరం పెద్దలతో పేచీ వచ్చింది. దాంతో 1817లో పిల్లలకు ఆంగ్లికన్ చర్చిలో బాప్తిస్మం ఇప్పించాడు. అప్పటికి బెంజమిన్‌కు 12 ఏళ్లు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో పార్లమెంటు సభ్యుడు క్రైస్తవ విశ్వాసం మీద ప్రమాణం చేయాలి. యూదులకు ఆ అడ్డు 1858 దాకా తొలగలేదు. తండ్రి ఆ పేచీ పడకపోయి ఉంటే కొడుకు 1837లో సభలో కాలు పెట్టేవాడు కాదు.

ముందు నవలలు రాశాడు, అప్పులు చేశాడు, ఎన్నికల్లో పలుమార్లు ఓడాడు. మూడుసార్లు ఆర్థికమంత్రి అయ్యాడు. 1868లో కొన్ని నెలలు, మళ్లీ 1874 నుంచి 1880 వరకు ప్రధాని. మొదటిసారి ప్రధాని అయినప్పుడు ఆయన అన్న మాట మన ఉట్ల పండగ చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది: నూనె రాసిన స్తంభం పైకంటా ఎక్కేశాను అన్నాడు. ఆ ఎక్కడాన్ని దేశమంతా చూసింది. ఎక్కువమంది చూసింది మాత్రం బొమ్మల్లోనే.

చిత్తరువు, క్యారికేచర్, కార్టూన్

ఈ మూడు మాటల్నీ మనం కలగలిపి వాడేస్తుంటాం. చిత్తరువు అంటే, పోర్ట్రెయిట్ అంటే, మనిషి ఎదురుగా కూర్చుని గీయించుకున్నది, లేదా అలా కూర్చున్నట్టు గీసినది. ఎక్కువసార్లు గీయించుకున్నవాడో, వాడి అభిమానో డబ్బిస్తారు. అందువల్ల గీసేవాడి చేయి కొంచెం మెత్తగానే ఉంటుంది.

క్యారికేచర్ అనే మాట ఇటాలియన్ నుంచి వచ్చింది. దాని మూలార్థం బరువెక్కించడం. బండికి సరుకు ఎక్కించినట్టు, ముఖంలో ఉన్న ఒక గుర్తు మీద మోయలేనంత బరువు వేస్తారు. డిజ్రేలీకి ఆ గుర్తు నుదుటి మీద పడే నల్లటి ముంగురు. గడ్డం మీది పిలక దాని తర్వాతే. ఆయన ప్రత్యర్థి గ్లాడ్‌స్టన్‌కు చొక్కా కాలరు. హ్యారీ ఫర్నిస్ అనే వ్యంగ్య చిత్రకారుడు ఆ కాలరును చెవులు దాటేదాకా పెంచేశాడు. నిజానికి గ్లాడ్‌స్టన్ అంత పెద్ద కాలర్లు తొడగలేదు. అయినా జనం ఆ కాలరునే గుర్తుపెట్టుకున్నారు. గుర్తు ఒకసారి నిలబడిపోయాక ముఖం గీయకపోయినా ఫరవాలేదు. గుర్రానికో, గుడ్లగూబకో ఆ ముంగురు తగిలిస్తే చాలు.

కార్టూన్ కథ వేరు. మొదట్లో అది నవ్వు పుట్టించే బొమ్మ పేరే కాదు. గోడ మీద పెద్ద చిత్రం వేయబోయే ముందు దళసరి కాగితం మీద అదే కొలతలో గీసుకునే నమూనాను కార్టూన్ అనేవారు. పాత పార్లమెంటు భవనం 1834లో తగలబడింది. కొత్త భవనం గోడలకు చిత్రాలు కావాలని పోటీ పెట్టి, ఆ నమూనాలను 1843లో ప్రదర్శించారు. లండన్ హాస్య వారపత్రిక పంచ్ దీన్ని పట్టుకుంది. తిండి లేని జనానికి సర్కారు బొమ్మలు చూపిస్తోందంటూ జాన్ లీచ్ చేత ఒక చిత్రం గీయించి, దానికి 'కార్టూన్ నంబర్ 1' అని పేరు పెట్టింది. అంటే ఆ మాట పుట్టడమే వెటకారంగా పుట్టింది. మనం ఇవాళ వాడే అర్థం అక్కడి నుంచి వచ్చిందే.

క్యారికేచర్ ముఖానికి సంబంధించింది, కార్టూన్ సందర్భానికి సంబంధించింది. ముఖంలో ఏ అతిశయోక్తీ లేకుండానే పదునైన కార్టూన్ వేయవచ్చు. డిజ్రేలీ మీద వచ్చిన గొప్ప కార్టూన్లలో చాలావాటిలో ముఖం ఇంచుమించు చిత్తరువులాగే ఉంటుంది. వాత పెట్టేది వేషం.

మొదటి వేషం తనే వేసుకున్నాడు

పగటివేషగాళ్లు ఊళ్లోకి వస్తే, వేషం వెనకాల మనిషి ఎవరో అందరికీ తెలిసే ఉండేది. అయినా అందరూ వేషాన్నే చూసేవాళ్లు. యువ డిజ్రేలీ దాదాపు అదే పని చేశాడు. వెల్వెట్ కోట్లు, రంగురంగుల వెయిస్ట్‌కోట్లు, ఉంగరాలు, గొలుసులు, నూనె పెట్టి దువ్విన రింగుల జుట్టు. 1833లో ఫ్రేజర్స్ మ్యాగజైన్ కోసం డేనియల్ మాక్లైస్ గీసిన రేఖాచిత్రంలో ఈ సోకంతా కనిపిస్తుంది. అప్పటికి ఆయన ఇంకా నవలాకారుడే. ఆ పత్రిక వేసే రచయితల బొమ్మల వరసలో చోటు దొరికిందంటే పేరున్న రచయిత అని గుర్తింపు వచ్చినట్టే. ఎగతాళి చేసినా బొమ్మ పడటమే ముఖ్యమని ఆయనకు అప్పుడే అర్థమై ఉంటుందని నా ఊహ.

సభలో ఆ సోకు ఎదురు తిరిగింది. 1837 డిసెంబర్‌లో మొదటి ప్రసంగానికి లేస్తే సభ కేకలతో, నవ్వులతో ముంచెత్తింది. ఇప్పుడు కూర్చుంటాను, మీరు నా మాట వినే రోజు వస్తుంది అని చెప్పి కూర్చున్నాడు. పదేళ్ల తర్వాత, 1847లో, పంచ్‌లో లీచ్ ఆయన్ను చిన్న పిల్లాడిగా గీశాడు. ఈసారి సభలో ఏం చేయబోతున్నావు బాబూ అని రాబర్ట్ పీల్ అడుగుతాడు. అందర్నీ చితక్కొట్టే ఏర్పాట్లు చేసుకున్నాను అని ఆ పిల్లాడి జవాబు. హాస్యమేమిటంటే, తన పార్టీ నాయకుడే అయిన పీల్‌ను డిజ్రేలీ అంతకు ముందే, 1846లో, చితక్కొట్టేశాడు. బొమ్మ మాత్రం ఆయన్ను ఇంకా కుర్రాడిగానే చూస్తోంది.

వయసు పెరిగాక నల్ల కోట్లకు మారాడు. ముంగురును మాత్రం వదల్లేదు, జుట్టుకు నల్లరంగు వేసేవాడు. భార్య మేరీ ఆన్ ఆయన జుట్టు తనే కత్తిరించి, ఆ వెంట్రుకలను పొట్లాలు కట్టి దాచేది. 1872లో ఆమె పోయాక ఆ పొట్లాలు ఆయన కంటబడ్డాయి. దుస్తుల మీద మమకారం కూడా అంతే. 1852లో ఆర్థికమంత్రి పదవి దిగిపోతూ, ఆ పదవికి చెందిన జరీ అంగీని తర్వాత వచ్చిన గ్లాడ్‌స్టన్‌కు అప్పగించలేదు. ఇద్దరి మధ్యా దీని మీద ఉత్తరాలు నడిచాయి. అంగీ ఇప్పటికీ బకింగ్‌హామ్‌షైర్‌లోని ఆయన ఇల్లు హ్యూఎన్డెన్ మేనర్‌లోనే ఉంది.

ఇదంతా ఎందుకంటే, కార్టూనిస్టులు ఆయనకు నాటకాల వేషాలు తగిలించారన్నది నిజమే అయినా, ఆ దారి ఆయనే చూపించాడు.

చిత్తరువులూ అమాయకమైనవి కావు

సర్ ఫ్రాన్సిస్ గ్రాంట్ 1852లో వేసిన చిత్తరువు చూడండి. డిజ్రేలీ మొదటిసారి మంత్రి అయిన సంవత్సరం అది. గ్రాంట్ దొరల, వేటగాళ్ల, పెద్దింటి మనుషుల చిత్రకారుడు. ఆయన కుంచెలో డిజ్రేలీ ఒద్దికైన ఇంగ్లిష్ పెద్దమనిషి. ఉంగరాలూ గొలుసుల కుర్రాడి జాడ లేదు. భూస్వాముల పార్టీ అయిన కన్సర్వేటివ్‌లకు నాయకుడు కాబోయే మనిషికి సరిగ్గా కావలసిన బొమ్మ.

1877లో హైన్రిక్ ఫాన్ ఆంజెలీ రాణి కోసం ఒక చిత్తరువు వేశాడు. మరుసటి ఏడాది, యూరప్ రాజ్యాలు కూడిన బెర్లిన్ మహాసభ నుంచి విజేతలా తిరిగొచ్చిన కొద్ది రోజులకే, రాణి ఆజ్ఞ మేరకు ఆజ్‌బర్న్ భవనంలో జాబెజ్ హ్యూస్ ఫొటో తీశాడు. ఆ ఫొటోలో ఉన్నది అలసిపోయిన ముసలాయన. ఫొటో కాబట్టి అదే అసలు సత్యం అనాలనిపిస్తుంది. కానీ అప్పటి ఫొటోకు కదలకుండా బిగదీసుకుని కూర్చోవాలి. ముఖంలో చురుకు పోతుంది. డిజ్రేలీకి పేరు తెచ్చింది ఆ చురుకే, మాట విసిరి ముఖం మాత్రం రాయిలా ఉంచుకునే విద్యే. దాన్ని ఫొటో పట్టుకోలేదు. వెక్కిరింత బొమ్మలు పట్టుకున్నాయి.

వెక్కిరింత తయారయ్యే పద్ధతి

1841లో మొదలైన పంచ్‌లో ప్రతి వారం ఒక పూర్తి పేజీ రాజకీయ చిత్రం ఉండేది. డిజ్రేలీ ఎదిగిన కాలంలో దాన్ని గీసింది ఎక్కువగా జాన్ టెనియల్. అద్భుతలోకంలో ఆలిస్ కథకు బొమ్మలు గీసిన టెనియల్ ఆయనే. ఆ చిత్రం ఏమై ఉండాలో ఆయన ఒక్కడే నిర్ణయించేవాడు కాదు. బుధవారం రాత్రి పత్రిక సిబ్బంది భోజనాల బల్ల చుట్టూ కూర్చుని వాదించుకుని తేల్చేవాళ్లు. గురువారం టెనియల్ ఆలోచించి చిత్తుప్రతి వేసుకునేవాడు. శుక్రవారం పొద్దస్తమానం కూర్చుని, గట్టి పెన్సిల్‌తో చెక్క దిమ్మె మీదికి ఎక్కించేవాడు. బొమ్మ తలకిందులు కాదుగానీ ఎడమ కుడి తిరగబడి ఉండాలి, అప్పుడే అచ్చులో సరిగా పడుతుంది. తర్వాత జోసెఫ్ స్వెయిన్ కార్ఖానాలో పనివాళ్లు గీతకూ గీతకూ మధ్య చెక్కను తొలిచేవాళ్లు. పాఠకుడి చేతికి అది వచ్చేది మరుసటి వారమే.

దీంతో రెండు ఫలితాలు. ఒకటి, మనం చూసే గీత టెనియల్‌ది ఎంతో, స్వెయిన్ దగ్గర చెక్కినవాడిదీ అంతే. రెండోది ఇంకా ముఖ్యం. బొమ్మకూ పాఠకుడికీ మధ్య వారం ఎడం ఉంటుంది కాబట్టి, ఈలోగా వార్త తిరగబడితే పరువు పోతుంది. 1885లో అదే జరిగింది. ఖార్టూమ్‌లో చిక్కుకున్న జనరల్ గార్డన్‌ను సేనలు చేరుకున్నట్టు టెనియల్ గీసేశాడు. పత్రిక బయటికొచ్చేసరికి నగరం పడిపోయింది, గార్డన్ చనిపోయాడు. అందుకే ఆ తరం కార్టూన్లు వార్తను కాక వార్త వెనక ఉన్న స్వభావాన్ని పట్టుకునేవి. బ్రిటన్‌కు ప్రతీకగా గీసే బ్రిటానియా అనే దేవత, సింహం, మనిషి తల సింహం ఒళ్లు ఉన్న ఈజిప్టు స్ఫింక్స్, పాంటోమైమ్ నాటకాల పాత్రలు, షేక్‌స్పియర్ పాత్రలు: ఇవన్నీ వారం రోజుల్లో పాడవని సరుకు.

టెనియల్ సొంత మొగ్గు కన్సర్వేటివ్‌ల వైపే అంటారు. పత్రికేమో వాళ్ల ప్రత్యర్థులైన లిబరల్స్ గాలి ఉన్నది. తనకంటూ చిన్నపాటి రాజకీయాలున్నా వాటిని తన దగ్గరే ఉంచుకుని, పత్రిక రాజకీయాలే గీస్తానని ఆయనే చెప్పాడు. కాబట్టి ఒక కార్టూన్ చూసి టెనియల్‌కు డిజ్రేలీ అంటే కోపమనో ఇష్టమనో తేల్చడం తొందరపాటు. పోటీ పత్రికల్లో జూడీ కన్సర్వేటివ్ పక్షం, ఫన్ లిబరల్ పక్షం. ఒకే వారం ఒకే సంఘటన మీద ఇవి మూడూ మూడు డిజ్రేలీలను చూపించేవి.

మచ్చుకు ఒకటి. 1864 నవంబర్‌లో ఆక్స్‌ఫర్డ్‌లో, డార్విన్ వాదం మీద గొడవ నడుస్తుండగా, మనిషి కోతా దేవదూతా అని అడిగి, నేను దేవదూతల పక్షం అన్నాడు డిజ్రేలీ. మరుసటి నెల పంచ్‌లో టెనియల్ ఆయనకు రెక్కలు తగిలించి, మారువేషాల విందుకు వెళ్లబోతూ అద్దం చూసుకుంటున్నట్టు గీశాడు. ముఖంలో ఏమీ పెంచలేదు. ఆ రెక్కలు అరువు తెచ్చుకున్నవని మనకు తెలియడమే జోకు.

పాత కిరీటానికి కొత్త కిరీటం

ఇప్పుడు మొదట్లో చెప్పుకున్న బొమ్మ దగ్గరికి వద్దాం. 1876 ఏప్రిల్ 15 పంచ్ సంచికలోది, శీర్షిక 'పాత కిరీటాలకు కొత్త కిరీటాలు'. అల్లావుద్దీన్ అద్భుతదీపం కథ తెలిసినవాళ్లకు వెంటనే తడుతుంది. మాయలమరాఠీ వీధిలో తిరుగుతూ పాత దీపాలకు కొత్త దీపాలిస్తానని అరుస్తాడు. ఇంట్లోవాళ్లకు విలువ తెలియక, మహిమ ఉన్న పాత దీపాన్ని ఇచ్చేసి మెరిసే మామూలు దీపం తీసుకుంటారు. లండన్ జనానికి ఈ కథ ప్రతి క్రిస్మస్‌కూ పాంటోమైమ్ నాటకంగా కళ్లముందు ఆడేది. మన వీధుల్లో పాతబట్టలకు స్టీలు గిన్నెలిస్తామని అరుస్తూ తిరిగేవాళ్లను తలచుకోండి. పట్టుచీర ఇచ్చేసి టిఫిన్ డబ్బా తెచ్చుకున్న ఇంటి కథ ప్రతి వీధిలోనూ ఉంటుంది. పంచ్ చెప్పింది సరిగ్గా అదే: అమ్మా, మీ తాతముత్తాతల కిరీటం పట్టుచీర లాంటిది, ఈ చక్రవర్తిని కిరీటం తళతళలాడే గిన్నె.

ఆ బొమ్మ వచ్చేసరికి రాజ బిరుదుల బిల్లు మీద పార్లమెంటులో వాదం సాగుతోంది. ఏప్రిల్ 27న అది చట్టమైంది. చక్రవర్తి అనే మాట నియంతల వాసన వేస్తుందని, ఇంగ్లండ్ రాజ్యాంగ సంప్రదాయానికి సరిపడదని లిబరల్స్ అభ్యంతరం. ఇటు ప్రభుత్వం వాదన, 1858 తర్వాత ఈస్టిండియా కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది గదా, దానికి తగ్గ బిరుదు ఉండాలని. రెండూ తీసిపారేయదగ్గ వాదాలు కావు.

మరి నేను మొదట అన్న తప్పు ఏమిటి? బొమ్మలో అమ్మజూపేవాడు డిజ్రేలీ, మోసపోయే ఇంటావిడ రాణి. జరిగింది ఇంచుమించు తిరగేసినట్టు ఉంటుంది. ఆ బిరుదు కోసం పట్టుబట్టింది విక్టోరియాయే. డిజ్రేలీకి బిల్లు పెట్టడానికి ఆ సమయం అంత ఇష్టం లేకపోయినా తలవంచాడని చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. కార్టూన్ ఎందుకిలా తిప్పింది? తెలియక కావచ్చు. రాణిని నేరుగా తప్పుపట్టలేని పత్రిక మంత్రి మీదికి నెట్టేసిందని కూడా అనవచ్చు. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే అదే ఏడాది ఆగస్టులో డిజ్రేలీకి బీకన్స్‌ఫీల్డ్ ప్రభువు పదవి వచ్చినప్పుడు, పంచ్ 'చక్రవర్తిని, ప్రభువు' అంటూ నువ్వొకటి ఇస్తే నేనొకటి ఇస్తాను అన్న బేరంగా ఇంకో బొమ్మ వేసింది. అప్పుడు బేరంలో రాణికీ భాగం ఉందని మెల్లగా ఒప్పుకున్నట్టే.

కిటుకు జోకులోనా, జాతిలోనా?

ఈ వ్యవహారంలో అసలు తేలని ముడి ఇక్కడుంది. 1875 నవంబర్‌లో డిజ్రేలీ సూయజ్ కాలువ వాటాలను ఈజిప్టు ఖెదీవు, అంటే పాలకుడు, ఇస్మాయిల్ దగ్గర 40 లక్షల పౌండ్లకు కొన్నాడు. పార్లమెంటు సెలవులో ఉండటంతో డబ్బు రాత్‌షీల్డ్‌లు అనే బ్యాంకర్ల దగ్గర అప్పు తెచ్చాడు. డిసెంబర్ 11న టెనియల్ గీసిన చిత్రంలో ఆయన చేతిలో పెద్ద తాళంచెవి, అది భారతదేశానికి తాళంచెవి. ఎదురుగా స్ఫింక్స్ కన్నుకొడుతోంది. శీర్షిక 'ఈజిప్టులో మోషే', యూదుల ప్రవక్త మోషే మీద రోసినీ రాసిన సంగీత నాటకం పేరు. పంచ్‌కు ఈ కొనుగోలు నచ్చింది, బొమ్మ పొగడ్తే. కానీ ఆ పొగడ్త కూడా ఆయన్ను మోషే అనకుండా ఉండలేకపోయింది. బాప్తిస్మమై 58 ఏళ్లయింది, రెండోసారి ప్రధాని, అయినా పత్రికకు ముందు గుర్తొచ్చేది ఆయన యూదుతనం.

ఒక పక్షం ఏమంటుందంటే, టెనియల్ గీత మర్యాదస్తుల గీత. అంతకు ముందు తరంలో గిల్‌రే లాంటి వ్యంగ్య చిత్రకారులు నాయకులను గీసిన తీరుతో పోలిస్తే ఇది చాలా మెత్తన. మాయగాడు, స్ఫింక్స్, జాలవిద్య లాంటివన్నీ డిజ్రేలీ నవలల నుంచే వచ్చాయి. ఆయన తన జాతిని దాచుకోకపోగా నవలల్లో గొప్పగా చెప్పుకున్నాడు. 1847 నాటి ఆయన నవల టాంక్రెడ్‌లో ఒక పాత్ర, ఇంగ్లండ్ రాణి తన రాజధానిని లండన్ నుంచి ఢిల్లీకి మార్చుకోవాలని సలహా ఇస్తుంది. అలాంటి రచయితకు తలపాగా చుట్టడం అన్యాయం ఎలా అవుతుందని వీళ్ల ప్రశ్న.

మరో పక్షం, ఇటీవలి చరిత్రకారుల్లో బలమైనది, ఈ బొమ్మలను ఒక్కొక్కటిగా కాక కుప్పగా చూడమంటుంది. అప్పుడు లండన్ వీధుల్లో పాతబట్టలు కొనే యూదు వర్తకుడి బొమ్మ మళ్లీ మళ్లీ కనబడుతుంది: మూటలు, బేరాలు, ముక్కు. ఇంగ్లిషువాడిలా వేషం వేసుకున్న పరాయివాడు అనే సందేశం ఉంటుంది. 1876లో బల్గేరియాలో తురుష్క సేనలు జరిపిన ఊచకోతల మీద డిజ్రేలీ ఉదాసీనంగా ఉన్నాడన్న కోపం రేగినప్పుడు ఈ ధోరణి మరీ ముదిరింది. ఆయన జాతి వల్లే క్రైస్తవుల కష్టం పట్టలేదని బాహాటంగా రాసినవాళ్లున్నారు.

ఇక్కడే ఒక పోలిక పనికొస్తుంది. 1876 ఆగస్టు 5న టెనియల్ వేసిన చిత్రంలో బ్రిటానియా హెచ్చరిస్తున్నా పట్టించుకోకుండా, బల్గేరియా ఘోరాలా, అధికారిక నివేదికల్లో నాకేమీ కనబడలేదే అంటాడు డిజ్రేలీ. ఇది కఠినమైన విమర్శ. జాతి ప్రసక్తి లేకుండా ఆయన మాట ఆయనకే అప్పజెప్పింది. కిరీటాల బేరగాడి బొమ్మలో అలా లేదు. అక్కడ విధానం మీద విమర్శ, పాతబట్టల వర్తకుడి నీడ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, విడదీయడం కష్టం. అన్నిటినీ ఒకే గాటన కట్టి ద్వేషం అనడం గానీ, ఒట్టి సరదా అనడం గానీ బొమ్మలను చూడకుండా చెప్పే మాటే అనిపిస్తుంది నాకు. ముంగురు పెంచడం క్యారికేచర్ ధర్మం. మూట తగిలించడం వేరే పని.

ఏరికోరి గీయించుకున్న వెక్కిరింత

వెక్కిరింత అంటే బాధితుడు ఉండాలని లేదు. 1868లో థామస్ గిబ్సన్ బౌల్స్ వ్యానిటీ ఫెయిర్ అనే వారపత్రిక పెట్టాడు. 1869 జనవరి 30న అందులో మొదటి రంగుల క్యారికేచర్ వచ్చింది. ఆ మొదటి మనిషి డిజ్రేలీయే. వారం తిరగ్గానే గ్లాడ్‌స్టన్. గీసింది ఇటలీ నుంచి వచ్చిన కార్లో పెలెగ్రీనీ. తర్వాత 'ఏప్', అంటే కోతి, అనే కలం పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. కోతా దేవదూతా అని అడిగిన మనిషికి చివరికి కోతి చేతే బొమ్మ పడింది.

పెలెగ్రీనీ పద్ధతి పంచ్‌కు దూరం. రాతి అచ్చు మీద రంగులు, వెనకాల ఖాళీ, కథ లేదు, దేవతలు లేరు. ఒక్క మనిషి నిలబడి ఉంటాడు, అంతే. డిజ్రేలీ బొమ్మ కింద రాసిన వాక్యం భావం ఇది: టోరీలకు, అంటే కన్సర్వేటివ్‌లకు, చదువు చెప్పి, ఎదుటి పక్షమైన విగ్‌లను దెబ్బతీసి సంస్కరణ తెచ్చాడు గానీ, తానున్న స్థితి నుంచి ఈ స్థితికి రావడమే అన్నిటికన్నా పెద్ద సంస్కరణ. తిట్టా పొగడ్తా తేల్చుకోలేం. ఆ తర్వాత ఏళ్లలో వ్యానిటీ ఫెయిర్‌లో బొమ్మ పడకపోతే ఇంకా పెద్దమనిషి కానట్టే అనుకునే పరిస్థితి వచ్చింది. క్లబ్బుల గోడల మీద ఈ క్యారికేచర్లు ఫ్రేములు కట్టించి వేలాడదీసేవాళ్లు. చిత్తరువుకూ వెక్కిరింతకూ మధ్య గీత అక్కడ దాదాపు చెరిగిపోయింది.

కిరీటం బొమ్మలో లేనిది

తెలుగువాళ్లకు ఈ కిరీటం గొడవ ఇంకో వైపు నుంచి తగులుతుంది. బిరుదును భారతదేశంలో చాటడానికి వైస్రాయి లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టాడు. సరిగ్గా ఆ రోజుల్లో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్లో ధాత కరువు. 1876 ధాత నామ సంవత్సరం, ఆ పేరే కరువుకు నిలిచిపోయింది. దక్షిణాదిన, దక్కనులో కలిపి 50 లక్షలకు మించి చనిపోయారని అంచనాలు. సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అరకిలో కూడా కాదు, దానిపైన ఏదో కాస్త చిల్లర చాలని ప్రభుత్వాధికారి రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు.

లండన్ వాదమంతా రాణి పాత కిరీటం విలువ తగ్గుతుందా లేదా అన్న చోటే తిరిగింది. 'పాత కిరీటాలకు కొత్త కిరీటాలు' బొమ్మలో అమ్మేవాడున్నాడు, కొనేవారున్నారు, సరుకుంది. ఆ కిరీటం ఏ జనం పేరు మీద తయారైందో ఆ జనం బొమ్మలో ఎక్కడా లేరు. పార్లమెంటులో బిల్లును వ్యతిరేకించినవాళ్లకూ వాళ్లు పెద్దగా కనిపించలేదు. కరువు బాధితుల చిత్తరువులు మాత్రం వేరే చోట తయారయ్యాయి. విల్లోబీ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాష్ట్రంలో ఎముకల గూళ్లలాంటి మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. కెమెరా ముందు కదలకుండా కూర్చోవాలన్న నియమం వాళ్లకూ వర్తించింది. డిజ్రేలీ ఫొటో కింద పేరుంది, తేదీ ఉంది, రాణి ఆజ్ఞ అన్న మాట ఉంది. ఈ ఫొటోల్లోని మనుషులకు పేర్లు లేవు.

చివరి సిట్టింగు

1880 ఎన్నికల్లో ఓడాక డిజ్రేలీ ఇంకో ఏడాది బతికాడు. 1881 మార్చిలో చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే దగ్గర చిత్తరువుకు కూర్చున్నాడు. రెండేళ్ల కిందటే గ్లాడ్‌స్టన్‌ను గీసిన మిలేయే. నల్ల కోటు, చేతులు కట్టుకుని నిలబడిన ముసలాయన. తాళంచెవి లేదు, తలపాగా లేదు, రెక్కలు లేవు. కొన్ని సిట్టింగులు అయ్యాయో లేదో జబ్బు పడ్డాడు. ఏప్రిల్ 19న పోయాడు. బొమ్మ అప్పటికి పూర్తి కాలేదు. ఆ వేసవి రాయల్ అకాడమీ ప్రదర్శనలో దాన్ని పెట్టాలని రాణి కోరింది, పెట్టారు. ఇప్పుడది లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది, గ్లాడ్‌స్టన్ చిత్తరువూ అదే గ్యాలరీలో. మిలే గీసిన ఆ గ్లాడ్‌స్టన్ కాలరు చెవుల దాకా పోదు, మామూలుగానే ఉంటుంది.